మంచి చాకు నాకిచ్చిన నాన్నగారు

వీర్రాజు బాబాయికి ఒంట్లో బాగుండడం లేదని తెలిసి, ఈమధ్య వానలు మొదలైన రోజుల్లో చూడడానికి వెళ్ళాను. కొత్తపేట దాటి కాలవ గట్టు వెంట కొంత దూరం పోతే వాళ్ళ ఇల్లు. మాకూ ఆయనకీ రక్తసంబంధం లేదు. మా నాన్నగారూ ఆయనా కలిసి ఎన్నో ఏళ్ళు మామిడి అంట్లు కట్టారు. నాటు టెంకె నుంచి మొలిచిన మొక్క తల కోసేసి, ఆ మోడులోకి మంచి జాతి చెట్టు పుల్లని దించి, గాలి చొరకుండా కట్టు కట్టడం వాళ్ళ పని. కొత్తపల్లి కొబ్బరి రకం కావాలన్నా, చెరుకు రసం రకం కావాలన్నా, రాజోలు నుంచి అమలాపురం దాకా తోటలున్న రైతులు వీళ్ళిద్దరికే కబురు పెట్టేవారు.

బాబాయి మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. కాఫీలయ్యాక తలగడ కింద నుంచి ఒక గుడ్డ మూట తీసి నా ఒళ్ళో పెట్టారు. విప్పితే మా నాన్నగారి మడత చాకు. పనికి వెళ్ళడం మానేసిన ఏడాది ఆయన దాన్ని బాబాయి దగ్గర వదిలేశారట. నల్లటి కొమ్ము పిడి, ఇత్తడి చీల, చీల పక్కన సపోటా గింజంత తెల్ల మచ్చ. నూరగా నూరగా అలుగు సగానికి సగం అరిగిపోయి ఉంది.

“ఇంత మంచి చాకు నా ఎరుకలో మళ్ళీ చూళ్ళేదమ్మా మంగా. నీ దగ్గరుండాల్సింది. నాకేదైనా అయితే ఎవళ్ళో పాత ఇనుములో పారేస్తారు,” అన్నారు.

నేను నవ్వాను. “ఇది మొద్దుది కదా బాబాయ్. మంచిది నాన్నగారు నాకే ఇచ్చేశారు కదా,” అన్నాను.

బాబాయి నవ్వలేదు. నా ముఖంలోకి చూసి, చూపు గుమ్మంవైపు తిప్పుకున్నారు. “నీకు ఆయన చెప్పలేదామ్మా?” అన్నారు మెల్లిగా.

ఆ తర్వాత ఆయన చెప్పింది రాసే ముందు, ఆ చాకు మా ఇంట్లోకి వచ్చిన రోజుల సంగతి చెప్పాలి. అప్పుడు నాకు పదమూడో పద్నాలుగో ఏళ్ళు. మా ఇంట్లో తెల్లవారడమంటే సానరాయి చప్పుడు. కోడి కూయడానికీ దానికీ పెద్ద తేడా ఉండేది కాదు. నాన్నగారు పెరట్లో నీళ్ళ గోలెం పక్కన గొంతుక్కూర్చుని, రాయి మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి, అప్పటి తన పాత చాకుని ముందుకీ వెనక్కీ ఒకే జోరుతో నూరేవారు. అమ్మ పొయ్యి రాజేస్తున్న పొగ, తడిసిన రాతి వాసన, ఆయన అప్పుడే ముట్టించిన చుట్ట వాసన కలిసి వచ్చేవి. నూరడం అయ్యాక ముంజేతి మీద వెంట్రుకల్ని ఒక్కసారి గీసి చూసుకునేవారు. అందుకే ఆయన ఎడమ ముంజేయి ఎప్పుడూ నున్నగా ఉండేది. తర్వాత చాకు మడిచి, రొండిన దోపుకుని, సైకిలు తీసేవారు. సఖినేటిపల్లి వైపు పని ఉంటే చద్దన్నం కట్టించుకుని వెళ్ళేవారు. సాయంత్రం వచ్చేసరికి ఆయన ఒళ్ళంతా మామిడి జీడి వాసన. ఆ వాసన నాకు ఎంత ఇష్టమంటే, ఆయన స్నానానికి నీళ్ళు తోడుతూ, విప్పిన చొక్కా ఇంకాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడేదాన్ని.

ఆ చాకుతో ఇంట్లో ఇంకేదీ కొయ్యనిచ్చేవారు కాదు. ఒకసారి చుట్టాలావిడ ఎవరో వక్క చెక్కుకుందామని అడిగితే, “దాంతో చెట్టుని తప్ప ఇంకేదీ కొయ్యకూడదండీ,” అని మర్యాదగానే దాచేశారు. నన్ను మాత్రం పక్కన కూర్చోబెట్టుకునేవారు. మా అన్నయ్యకి ఈ పని మీద ధ్యాస లేదు. నాకు అది తప్ప వేరే ధ్యాస లేదు. సెలవు రోజుల్లో పెరట్లో పుల్లలు చెక్కి చూపించేవారు. “కోత మెరవాలమ్మా. అద్దంలా మెరవాలి. పీచు లేచిందంటే ఆ పుల్ల బతకదు,” అనేవారు. నేను చెక్కిన పుల్లని వెలుతురుకి పెట్టి, కళ్ళు చికిలించి, వేలితో తడిమి చూసేవారు. అలా చికిలించడం పనితనంలో భాగమే అనుకునేదాన్ని. నేనూ అలాగే చికిలించేదాన్ని.

ఆయన పాత చాకు అరిగి అరిగి ఇంక పనికిరాని స్థితికి వచ్చింది. రాజోలు దగ్గర ఆయనకి తెలిసిన ఒక కమ్మరి ఉండేవాడు. లారీ కమాను ముక్కతో రెండు చాకులు చేయించుకొచ్చారు. ఒకే ఇనుము, ఒకే కొమ్ములో కోసిన పిడులు, పొడవులో గింజంత తేడా లేదు. ఒకదాని పిడి మీద తెల్ల మచ్చ ఉంది, రెండోదాని మీద లేదు, అంతే. వాటిని అరుగు మీద నా ముందు పెట్టి, నాన్నగారు చెప్పిన మాట నాకు ఇవాళ్టికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“రెండూ చూడ్డానికి ఒకటేనమ్మా. కానీ కాల్చి నీళ్ళలో ముంచేటప్పుడు ఒకదానికి పదును కుదిరింది, ఒకదానికి కుదరలేదు. ఏది మంచిదో చెప్పు చూద్దాం. చెప్పేవంటే ఆ చాకు నీదే. ఈ వానాకాలం నుంచి నాతో తోటలకి తీసుకెళ్తాను.”

నేను ఆ రోజు అన్నం సంగతి మర్చిపోయాను. ముందు రెండింటినీ తెరిచి మూసి చప్పుడు విన్నాను. గోటి మీద ఆనించి చూశాను. జామ కొమ్మ చెక్కితే రెండు కోతలూ మెరిశాయి. కొత్తలో ఏదైనా కోస్తుంది, తేడా అలిసిపోయాక తెలుస్తుందనిపించింది. కొబ్బరాకులు లాక్కొచ్చుకుని ఒక్కో చాకుతో కట్టెడేసి ఈనెలు ముక్కలు ముక్కలుగా కోశాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. అప్పుడు మళ్ళీ జామ కొమ్మ చెక్కి చూశాను. మచ్చ ఉన్న చాకు కోత ఇంకా అద్దంలా ఉంది. రెండోదాని కోత మీద సన్నటి తెల్లటి పీచు లేచింది. వేలితో రాస్తే గరగరలాడింది.

పరుగెత్తుకెళ్ళి మచ్చ ఉన్న చాకు నాన్నగారి ముందు పెట్టాను. “ఇదండీ నాన్నా.”

“ఎలా చెప్పగలవు?”

ఈనెల సంగతీ, పీచు సంగతీ చెప్పాను. రెండు పుల్లలూ చూపించాను. ఆయన పుల్లల్ని చేతిలోకి తీసుకుని, చూడ్డం మానేసి వేలితో మాత్రం తడిమారు. చాలాసేపు తడిమారు. తర్వాత తల అడ్డంగా ఊపారు.

“తప్పు చెప్పేవమ్మా,” అన్నారు.

ఆయన నా తల మీద చెయ్యి వేశారు. “బెంగెట్టుకోకు. చిన్నదానివి, నెమ్మదిగా తెలుస్తాయి. పోన్లే, మంచిది నువ్వే ఉంచుకో. ఈ మొద్దుదాంతో నేను ఎలాగో నెట్టుకొస్తాను,” అని మచ్చ లేని చాకు నా చేతిలో పెట్టి, మచ్చ ఉన్నది రొండిన దోపుకున్నారు.

నేను ఏడ్చాను. ఓడిపోయినందుకు కొంచెం, మా నాన్న అంత మంచివాడైనందుకు చాలా. మర్నాడు బళ్ళో అందరికీ చెప్పాను. పరీక్షలో తప్పినా మా నాన్న మంచి చాకు నాకిచ్చేసి మొద్దుది తనుంచుకున్నారని. ఆ కథ నేను జీవితమంతా చెప్పాను. నా పిల్లలకి చెప్పాను. పాఠాలు చెప్పిన రోజుల్లో క్లాసులో చెప్పాను. ఒక పత్రికకి రాస్తే అచ్చయింది, చదివి కళ్ళు చెమర్చాయని ముక్కూమొహం తెలియనివాళ్ళు ఉత్తరాలు రాశారు. నాన్నగారి పెద్దకర్మ రోజున నలుగురి మధ్యా నిలబడి మళ్ళీ అదే చెప్పాను. వీర్రాజు బాబాయి ఆ రోజు రెండో వరసలో కూర్చుని తల వంచుకుని ఉన్నారు. దుఃఖం అనుకున్నాను.

ఆ వానాకాలం నాన్నగారు నన్ను తోటలకి తీసుకెళ్ళలేదు. పెరట్లోనే ఇరవై టెంకె మొక్కలు ఇచ్చి, కట్టి చూపించమన్నారు. నా మంచి చాకుతో కట్టాను. పుల్లని రెండువైపులా పలచగా చెక్కి, మోడుని చీల్చి, అందులోకి దించి, అరటి నారతో బిగించి, మట్టి మెత్తాను. రోజుకి పదిసార్లు వెళ్ళి చూసేదాన్ని. వారం తిరిగేసరికి పుల్లలు నల్లబడడం మొదలైంది. ఇరవైలో ఒక్కటీ బతకలేదు. మళ్ళీ పది కట్టాను. అవీ పోయాయి. అదే వానల్లో నాన్నగారు ఆ మొద్దు చాకుతో కట్టిన అంట్లన్నీ చిగుళ్ళు వేస్తున్నాయి.

అమ్మ వంటింట్లోంచి చూస్తూ ఉండేది. ఆవిడకి ఈ పని గురించి ఏమీ తెలియదు. ఒకరోజు బియ్యం కడుగుతూ, “పోనీ ఓసారి మీ నాన్న చాకుతో కట్టి చూడకూడదటే?” అంది.

నాకు ఒళ్ళు మండింది. “నాన్న నాకు మంచిదే ఇచ్చేరమ్మా. నీకేం తెలుసు?” అన్నాను.

ఆ సాయంత్రం నాన్నగారు వచ్చి, చచ్చిపోయిన అంట్ల ముందు నా పక్కన కూర్చున్నారు. ఒక పుల్లని ఊడబెరికి, నా కోతని వేలితో తడిమారు. ఆ కోత ఎందుకు గరగరలాడుతోందో ఆ క్షణాన ఆ పెరట్లో ఆయనకి తెలుసు. నాకు తెలియదు. ఆయన పుల్లని కిందపడేసి అన్నారు:

“కొందరి చేతికి అంటు పట్టదమ్మా మంగా. అది నేర్చుకుంటే వచ్చేది కాదు. చదువుకో. నీకు చదువు బాగా వస్తుంది.”

నేను ఆ మాట నమ్మాను. నమ్మకపోవడానికి కారణం ఏముంది? మంచి చాకు చేతిలో ఉండి కట్టలేకపోయాను. మొద్దు చాకుతో ఆయన కట్టగలిగారు. ఇంక లోపం నా చేతిలో కాక ఎక్కడుంటుంది? ఆ చాకుని అటక మీద ఒక డబ్బాలో పెట్టేశాను, తర్వాత అది ఎటు పోయిందో. అత్తారింట్లో కరివేపాకు మొక్క వెయ్యమంటే, “నా చెయ్యి మంచిది కాదండీ అత్తయ్యగారూ, మీరు వెయ్యండి,” అన్నాను. ఉద్యోగం చేసిన బళ్ళో ఏటా మొక్కలు నాటించేవారు. నేను నీళ్ళ చెంబు పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. ఇల్లు కట్టుకున్నాక వాకిట్లో పెట్టిన ప్రతి మొక్కా మా వారే పెట్టారు. ఆయన ఎన్నిసార్లు నవ్వినా, నేను మట్టిలో చెయ్యి పెట్టలేదు. చిన్నప్పుడు విన్న మాట మనిషిని ఎంత దూరం తోలుకుపోతుందో చూడండి.

ఇప్పుడు బాబాయి ఇంటికి వస్తాను. “ఏం చెప్పలేదు?” అని అడిగాను. ఆయన చూపు నా ఒళ్ళో ఉన్న చాకు మీద నిలిచింది. నేను లేచి పెరట్లోకి వెళ్ళి, వేపకొమ్మ ఒకటి విరిచి తెచ్చుకుని, అరిగిపోయిన ఆ చాకు తెరిచి చెక్కాను. ఏళ్ళ తరబడి గుడ్డలో ఉన్న చాకు. కోత అద్దంలా మెరిసింది.

“నిజం చెప్పండి బాబాయ్.”

“అప్పటికే మీ నాన్నకి చూపు తగ్గిపోయిందమ్మా,” అన్నారు. “దగ్గరి వస్తువు ఆనేది కాదు. రైతులకి తెలిస్తే పని పోద్దని ఎవళ్ళకీ చెప్పలేదు. చేతి ఒడుపు మీద నడిపించేసేవోడు. అలాంటోడికి చాకు గొప్పగా ఉండాలి కదా, కోత దానంతటదే సాఫీగా రావాలి. ఆ రెండిట్లో ఏది మంచిదో రెండ్రోజులు చూసేడు, తేల్చుకోలేకపోయేడు. నేను చూసేను, నాకూ తెలీలేదు. ‘మా మంగ చెబుతుంది, దాని కళ్ళు పదును’ అన్నాడు. నీ చేత పట్టించేడు. నువ్వు ఒక్క పూటలో చెప్పేసేవు.”

“చెప్పాను. తప్పన్నారు.”

“ఆయ్,” అని అవునన్నట్టు తలూపారు.

“మంచిది కావాలంటే అడగొచ్చు కదా. ఇచ్చేసేదాన్ని కదా.”

“అడిగితే చూపు సంగతి చెప్పాలి కదమ్మా. మాటిచ్చేసేడు, మంచిది నీదేనని. మాట తప్పినట్టు ఉండకూడదు, చాకు పోకూడదు. తర్వాత ఎప్పుడో చెబుతాన్లే అన్నాడు నాతో. అంట్లు చచ్చిపోతన్నాయని నువ్వు ఏడుస్తన్నప్పుడు కూడా అడిగేను, ‘చెప్పెయ్ రా, పిల్ల చెయ్యి బంగారం’ అని. ‘ఇప్పుడు చెబితే నన్నేమనుకుంటాది’ అన్నాడు.”

“మీరు చెప్పొచ్చు కదా.”

బాబాయి కళ్ళు తుడుచుకున్నారు. “ఆయన ఉన్నంతకాలం ఆయన మాట దాటలేను. పోయేక, నువ్వు అందర్లో నిలబడి ఆ కథ చెప్పేవు. అది విన్నాక ఎలా చెప్పమంటావు?”

చాకు మడిచి, గుడ్డలో చుట్టి ఆయన తలగడ దగ్గరే పెట్టేశాను. తీసుకెళ్ళమని చాలా బతిమాలారు. నా వల్ల కాలేదు.

ఇంటికి వచ్చాక రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాన్నగారి కష్టం నాకు అర్థం కాలేదని కాదు. చూపు పోతున్న మనిషి, ఇద్దరు పిల్లలు, చేతిలో పని తప్ప వేరే ఆధారం లేదు. చాకు తీసుకోవడం ఏ నాడో మర్చిపోగలను. కానీ ఆయన తన కోసం నా కళ్ళని వాడుకుని, ఆ కళ్ళే తప్పని నాతో నమ్మించారు. నా చెయ్యి మంచిదని తెలిసి, మంచిది కాదని చెప్పారు. ఆ తర్వాత నేను చేసిన పొగడ్తలన్నీ పక్కనే కూర్చుని విన్నారు. పత్రికలో అచ్చయిన కాగితం నేనే చదివి వినిపించాను. బాగా రాశావమ్మా అన్నారు.

మూడో రోజున అమలాపురం బజారుకి వెళ్ళి మడత చాకులు చూపించమన్నాను. కొట్టులో అమ్మాయి రెండు తీసి గాజుబల్ల మీద పెట్టింది. ఒకటి నల్ల పిడి, ఒకటి ఆకుపచ్చ పిడి. “రెండూ ఒకటేనండీ మేడమ్, రంగే తేడా. ఏది కావాలంటే అది తీసుకోండి,” అంది. బయట కరివేపాకు అమ్మే ఆవిడ దగ్గర ముదురు రెమ్మలు కొనుక్కొచ్చి, రెండింటితో కోసి చూస్తానంటే ఆ అమ్మాయి నవ్వి ఒప్పుకుంది. కోశాను. నల్ల పిడిదాని అలుగు చీల దగ్గర రవ్వంత కదులుతోంది. కోత చివర పీచు లేస్తోంది. ఆకుపచ్చదాని కోత శుభ్రంగా ఉంది. తేడా నాకు స్పష్టంగా తెలుస్తోంది. తెలిసి కూడా చెయ్యి దాని మీదకి పోలేదు. ఎవరో పక్కనుంచి తప్పమ్మా అంటారేమోనని, అరవై దాటిన మనిషిని, రద్దీగా ఉన్న కొట్టులో అలా నిలబడిపోయాను.

“ఏదిమ్మంటారండీ?” అంది ఆ అమ్మాయి రెండోసారి.

“ఆకుపచ్చది,” అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కవర్లో పెట్టి ఇచ్చేసింది.

ఇప్పుడు ఆ చాకు నా చేతిసంచీలో ఉంటుంది. ఈ రోజుల్లో నర్సరీల్లో చాకులు నూరేవాళ్ళు కనబడరు. ఒక బ్లేడు విరిచి, నాలుగు అంట్లు కట్టి పారేసి, ఇంకోటి తీస్తారు. మట్టీ నారా పోయి ప్లాస్టిక్ పట్టీలు వచ్చాయి. ఎవరి చెయ్యి మంచిది, ఎవరిది కాదు అనే మాటే అక్కడ వినబడదు. ఆడపిల్లలు వరసగా కూర్చుని, ఫోన్లో మాట్లాడుకుంటూ వందల కొద్దీ కట్టేస్తున్నారు. టెంకె మొక్కలు కొనడానికి వెళ్ళి వాళ్ళని చూస్తే ముచ్చటేసింది, కడుపు మండింది కూడా. మేడ మీద కుండీల్లో ఆరు అంట్లు కట్టాను. నాలుగు పోయాయి. రెండు ఎర్రటి చిగుళ్ళు వేశాయి. అవి చూసిన పొద్దున నాకు సంతోషం రాలేదు. మెట్ల మీద కూలబడి, ఏనాడో పద్నాలుగేళ్ళప్పుడు ఏడవాల్సిన ఏడుపు ఏడ్చాను.

ఒకటి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నాన్నగారు చివరి నెలలు నా దగ్గరే ఉన్నారు. అప్పటికి పూర్తిగా చూపు లేదు. ఒక మధ్యాహ్నం మామిడి రసం స్పూనుతో పడుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“నా మీద నీకేమైనా కోపం ఉందా మంగా?”

పోయే ముందు పెద్దవాళ్ళు అందరూ అడిగే మాటే అనుకున్నాను. “మీ మీద నాకు కోపమేమిటి నాన్నా? నాకేం తక్కువ చేశారని?” అన్నాను.

ఆయన నా చెయ్యి వదల్లేదు. వేళ్ళని ఒక్కొక్కటే తడిమారు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. మా వారు బయటికి వెళ్ళారు, సాయంత్రం దాకా ఎవరూ రారు. చెప్పదలుచుకుంటే కావలసినంత సమయం ఉంది. ఆయన “ఆయ్” అన్నారు. చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ పూట ఎప్పుడూ లేనంత ప్రశాంతంగా నిద్రపోయారు.

ఏం చేశారో చెప్పకుండా నా నోటితో కోపం లేదనిపించుకుని వెళ్ళిపోయారు. తెలియక అన్న మాట అది. వెనక్కి తీసుకుందామంటే వినడానికి ఆయన లేరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఉంది నాన్నా. మీ మీద నాకు చాలా కోపం ఉంది.